స్తంభాలు లేని దారిలో ఐదు రోజులు

మొదటి రోజు: ధవళేశ్వరం నుంచి అంబాజీపేట దాకా

కోనసీమలో టెలిఫోన్ లైన్‌మేన్‌గా ముప్ఫై రెండేళ్లు చేశాను. ఏ ఊళ్లో ఎన్ని స్తంభాలుండేవో, ఏ ఇంటి కుక్క కరిచేదో ఇప్పటికీ చెప్పగలను. 2020 జనవరి 31న స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. ఆ ఒక్కరోజే దేశం మొత్తం మీద మా బీఎస్‌ఎన్‌ఎల్ సంస్థ నుంచి 78 వేల మందికి పైగా బయటికొచ్చాం. "సెల్‌ఫోన్ మీ ఉద్యోగాల్ని మింగేసింది కదండీ" అని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకుంటాను. నా జేబులో ఉన్నదీ సెల్‌ఫోనే మరి.

మా మేనకోడలు, 'మా అమ్మాయి' అనే అంటాను, హైదరాబాద్‌లో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. పేద దేశాల్లో సెల్‌ఫోన్ వచ్చాక జనం బతుకులు ఏమయ్యాయన్నది తన చదువు. సంక్రాంతికి పది రోజుల ముందే దిగి, "మావయ్యా, డెల్టా అంతా తిప్పు. నీకు తెలియని ఇల్లు లేదుగా" అంది.

"నాకు తెలిసినవి ఫోనున్న ఇళ్లేనమ్మా. ఊరికి నాలుగో అయిదో" అన్నాను.

వెంటనే నోటుబుక్ తీసి రాసుకుంది. నేనేదో గొప్ప మాట అన్నాననిపించి, కారులో కాసేపు కాస్త ఠీవిగా కూర్చున్నాను.

ధవళేశ్వరం బ్యారేజీ మీద ఎక్కువసేపు ఆగలేదు. 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట గురించి ఇక్కడ పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. బొబ్బర్లంక మీదుగా, లొల్ల లాకులు చూసుకుని రావులపాలెం అరటి మార్కెట్‌కి చేరేసరికి ఎండ ముదిరింది. కర్పూరాలు, చక్కెరకేళీలు, కూర అరటి, గెలలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకప్పుడు సైకిలుకి రెండు పక్కలా గెలలు కట్టుకుని తెల్లవారుజామున తొక్కుకుంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు మోపెడ్లు, ఆటోలు.

ఈతకోట వైపు నుంచి వచ్చిన ఒక రైతుని మా అమ్మాయి అడిగింది, ఫోన్ వల్ల మీకేం ఒరిగిందని. ఆయన ఆలోచించి చెప్పాడు: "గెల కొయ్యకముందు ఫోన్ చేస్తానండి. ధర బాగోకపోతే రెండ్రోజులాగి కోస్తాను. ఇదివరకు కోసి, మోసుకొచ్చి, ఇక్కడ నిలబడ్డాకే ధర తెలిసేది. కోసిన గెల వెనక్కి పట్టుకెళ్లి చెట్టుకి అతికించలేం కదండీ."

రెండు రోజులు ఆగగలిగే వెసులుబాటు. మా అమ్మాయి వెతుకుతున్నది అదేనట, కళ్లు మెరిశాయి. కానీ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, అది తను రాసుకుందో లేదో చూళ్లేదు. కౌలుకి చేసేవాడు, వ్యాపారి దగ్గర ముందే డబ్బు తెచ్చుకున్నవాడు ఆగలేడట. వాళ్లకి ధర తెలుస్తుంది, అంతే.

సాయంత్రానికి అంబాజీపేట. కొబ్బరి ధరలకి ఈ మార్కెట్టే ఆనవాలు. పేపర్లో కురిడీ కొబ్బరి గండేరా ఇంత, గటగటా ఇంత, ముక్కుడు కాయ ఇంత అని రకాల వారీగా రోజూ పడుతుంది. ఇక్కడ నేను మా అమ్మాయికి ఒక విషయం చెప్పుకోవలసి వచ్చింది. ఎన్నాళ్లుగానో ఎవరికీ చెప్పలేదు.

తొంభైల మొదట్లో ఈ వీధిలో ఒక పెద్ద కొబ్బరి షావుకారు ఉండేవాడు. ఉత్తరాది వ్యాపారులతో రోజూ ఫోన్లో మాట్లాడేవాడు. అర్జెంట్ కాల్, లైట్నింగ్ కాల్ అని ఎన్నో రెట్లు కట్టి మరీ బుక్ చేసేవాడు. గాలివానకి లైన్లు పడిపోతే మొదట ఆయన లైను బాగుచేసేవాణ్ణి. పండక్కి బస్తా కాయలు ఇంటికొచ్చేవి. వీధి చివర చిన్న వ్యాపారులిద్దరికి, ఊళ్లో రైతు సంఘం పెద్దకి ఫోన్లుండేవి. వాళ్లవి మూడోనాడో నాలుగోనాడో. ఆ మూడు రోజులూ పై ఊళ్ల ధర ఆయన ఒక్కడికే తెలిసేది. నేను లంచం తిన్నాననుకోలేదు, కొబ్బరికాయలు తిన్నాననే అనుకున్నాను.

మా అమ్మాయి ఏమీ అనలేదు. కాసేపాగి, "దీన్ని మా వాళ్లు సమాచార అసమానత అంటారు మావయ్యా" అంది.

"మేం బస్తా అనేవాళ్లం" అన్నాను.

ఇప్పుడా అవసరం లేదు. పొద్దున్నే రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ధర తిరుగుతుంది. అయితే ఆ వీధిలో ఫోన్ వల్ల అందరికంటే ఎక్కువ బాగుపడింది దింపు తీసేవాళ్లేమో అనిపించింది. కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. ఉన్నవాళ్ల కోసం నలుగురు తిరుగుతారు. ఒకతను మోకు భుజాన వేసుకుని నిలబడి చెప్పాడు. వాళ్ల నాన్న రోజూ తెల్లారగట్ల ఆసామి గుమ్మంలో నిలబడేవాడట, పనుందో లేదో కనుక్కోడానికి. "నాకు ఆళ్లే ఫోన్ చేస్తారండి. నాలుగు ఫోన్లొస్తే ఎక్కడ కూలి ఎక్కువిస్తే అక్కడికి. గుమ్మం ముందు నిలబడితే అలా అడగలేం కదండీ, మొహం మీద."

రెండో రోజు: లంకలోకి

పి.గన్నవరం అక్విడెక్టు దాటి, ఏటిగట్టు దిగి ఇంజను పడవెక్కాం. లంకంటే గోదావరి పాయల మధ్య దీవి. ఏ లంకో చెప్పను, చెబితే అక్కడ మేం కలిసిన మామ్మ ఎవరో తెలిసిపోతుంది.

ఈ లంకకి ల్యాండ్‌లైన్ ఇవ్వాలని మేం ఎస్టిమేటు వేశాం. పాయ మీదుగా తీగ లాగాలంటే రెండు గట్ల మీదా ఎత్తయిన స్తంభాలు కావాలి. వరదొస్తే నిలవవు. ఫైలు పైకి వెళ్లింది, అక్కడే ఉంది. లంకవాళ్ల ఉత్తరాల్లో, శుభలేఖల్లో గట్టు మీది కిళ్లీకొట్టు నంబరు వేసి పక్కన 'పి.పి.' అని, అంటే ఫలానా మనిషిని పిలిపించమని, రాసేవారు. హైదరాబాద్ నుంచి ఎవరైనా చేస్తే కొట్టువాడు కుర్రాణ్ణి పడవ మీద పంపేవాడు. మనిషి వచ్చేసరికి అరగంట. అవతలివాళ్లు మళ్లీ చెయ్యాలి.

తర్వాత ఒకరోజు గట్టు అవతల టవరు లేచింది. స్తంభం లేదు, తీగ లేదు. మేం ఇరవై ఏళ్లలో చెయ్యలేని పని అయిపోయింది. సంతోషమా, చిన్నతనమా అంటే రెండూనండి.

మొదట్లో అది కూడా ఉన్నవాళ్లదే. మన దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ 1995 జూలై 31న కలకత్తాలో అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు చేశారు, ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కి. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, పైగా ఎత్తినవాడికీ బిల్లు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక గానీ ఇది పల్లెలోకి రాలేదు. వచ్చాక జనం మొట్టమొదట నేర్చుకున్నది మాట్లాడటం కాదు, మాట్లాడకుండా పని జరుపుకోవడం. ఈ పడవ నడిపే అతనికి ఇప్పటికీ అదే పద్ధతి. గట్టు మీద నిలబడి ఒక మిస్డ్ కాల్ ఇస్తే మనిషి ఉన్నాడని, రెండిస్తే బండి కూడా ఎక్కించాలని. మా అమ్మాయి కెన్యా సంగతి చెప్పింది. అక్కడ 2007లో ఎం-పెసా అని ఫోన్లోనే డబ్బు పంపే పద్ధతి వచ్చిందట. మామూలు బటన్ల ఫోనుతో, బ్యాంకు లేని ఊళ్లలో. దాని వల్ల 1,94,000 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయని ఇద్దరు ఆర్థికవేత్తలు 2016లో లెక్కకట్టారట, ఆ దేశంలో నూటికి రెండు ఇళ్లు. పడవతను ఆసక్తిగా విని, "మనకి ఫోన్‌పే ఉంది కదండీ" అని ఇంజను డబ్బా మీద అంటించిన క్యూఆర్ కోడ్ చూపించాడు. తడవకుండా ప్లాస్టిక్ కవరు తొడిగాడు.

మామ్మ ఇంటికి వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచుతో తాడు పేనుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. "తీగలాయన" అన్నాక గుర్తుపట్టింది. లంకలో ఒక్క తీగా లేకపోయినా నాకా పేరెలా వచ్చిందో!

కూతురు పదకొండేళ్లుగా కువైట్‌లో ఇంటిపనికి ఉంది. ఈ ప్రాంతంలో అటు వెళ్లిన ఆడవాళ్లు లేని వీధి తక్కువ. ఐమోలో వీడియో కాల్ చేస్తుంది. మనవడి ఫోన్లో, ఆదివారాలు మాత్రం, ఎందుకంటే మనవడు అమలాపురంలో హాస్టల్లో ఉంటాడు. "మనిషి కనపడుతుంది బాబూ. చిక్కిపోయింది. ఎందుకే చిక్కిపోయావంటే ఫోన్లో అలాగే కనపడతాను లేమ్మా అంటది. ఉత్తరాలప్పుడు చిక్కిపోయిందో లేదో తెలిసేది కాదు."

మామ్మకి సొంతంగా ఒక బటన్ల ఫోన్ ఉంది. అది మూగబోయి ఏడాదయింది. జీవితాంతం రీచార్జి అక్కర్లేదని చెప్పి అమ్మిన సిమ్ము అది. ఎవరు అమ్మారో అనవసరం, అప్పట్లో అందరూ అమ్మారు. తర్వాత నెలనెలా ఎంతో కొంత వెయ్యకపోతే ఇన్‌కమింగ్ కూడా రాదన్నారు. మామ్మకి అది తెలియదు. మూడు నెలలు వాడని నంబరు తీసేసి ఇంకొకరికి ఇస్తారని అసలే తెలియదు.

ఆధార్‌కి ఎక్కించింది ఆ నంబరే. బ్యాంకులో కేవైసీ కొత్తగా చెయ్యాలన్నారు, ఖాతా ఆపేశారు. కూతురు పంపిన రెండు నెలల డబ్బు లోపలుంది. ఓటీపీ వస్తే చెప్పమన్నారు. ఎక్కడికి వస్తుంది?

మా అమ్మాయి ఆ పాత నంబరుకి చేసింది. ఎత్తింది వరంగల్ కుర్రాడు. విషయం చెబితే, "అవునండీ, మామ్మగారి పేరు మీద మెసేజులు నాకొస్తూనే ఉన్నాయి. ఎవరో అనుకుంటున్నా. ఆరోగ్యం బానే ఉందా ఆమెకి?" అన్నాడు. మంచివాడు కాబట్టి సరిపోయింది. మామ్మ ఆ ఫోను తీసుకుని అతనితో అయిదు నిమిషాలు మాట్లాడింది. పెళ్లయిందా అని కూడా అడిగింది.

కొత్త నంబరు ఎక్కించుకోవాలంటే ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్ర వెయ్యాలన్నారు. మామ్మ చేతులు చూపించింది. యాభై ఏళ్లు పీచు పేనిన వేళ్లు, నున్నగా అరిగిపోయాయి. రెండుసార్లు ప్రయత్నించారట, మిషను తీసుకోలేదు. కంటిపాపతో కూడా చేస్తారు, అడగండి అని చెప్పాం. సెలవుకి ఇంటికొచ్చిన మనవడు గురువారం తీసుకెళ్తానన్నాడు.

"పనైతే నీకు మిస్డ్ కాలిస్తాను బాబూ" అంది మామ్మ. మనవడి ఫోన్లో నా నంబరు వేయించింది.

రాత్రి అమలాపురం. గడియారస్తంభానికి దగ్గర్లో నా పాత స్నేహితుడి కొట్టు ఉంది. పోలియో వల్ల కాలు లాగేసింది. వికలాంగులకి ప్రాధాన్యం ఇచ్చేవారు కాబట్టి తొంభైల్లో ఎస్టీడీ బూతు వచ్చింది. పసుపు బోర్డు, అద్దాల గది, చీటీ కొట్టే మీటరు. ఆ గదిలో ఏడ్చినవాళ్లనీ, పెళ్లిళ్లు ఖాయం చేసుకున్నవాళ్లనీ అద్దంలోంచి చూసి, బిల్లు తీసుకుని, ఎవరికీ చెప్పేవాడు కాదు. మా అమ్మాయి బంగ్లాదేశ్ గురించి చెప్పింది. 1997 నుంచి అక్కడ పల్లె ఆడవాళ్లు అప్పు మీద సెల్‌ఫోన్ తీసుకుని ఊరివాళ్లకి నిమిషాల లెక్కన అద్దెకిచ్చేవారట, ఫోన్ లేడీలు అనేవారట. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్ వచ్చేసరికి వాళ్ల ఆదాయం పడిపోయిందట.

"అయితే నేను అమలాపురం ఫోన్ లేడీనన్నమాట" అన్నాడు వాడు.

ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తాడు. డిస్‌ప్లే మార్చడం, చార్జింగ్ పిన్ను వెయ్యడం. ఈ మధ్య ఇంకో రకం గిరాకీ అట. కుర్రాళ్లు వచ్చి ఫోన్ ఇచ్చి, "అంకుల్, దీంట్లో కాంటాక్టులన్నీ తీసెయ్యండి" అంటారు. లోన్ యాప్‌లో అయిదారు వేలు తీసుకుని ఉంటారు. యాప్ అప్పటికే నంబర్లన్నీ లాగేసుకుని ఉంటుంది. చుట్టాలకి, స్నేహితులకి బూతు మెసేజులు, మార్ఫింగ్ ఫోటోలు మొదలవుతాయి. "తీసేసి ఏం లాభం, వెళ్లిపోయినవి వెళ్లిపోయాయి అని చెప్పాలంటే నోరు రాదురా. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి మాట్లాడమంటాను. ఒక్కడు కూడా చెయ్యడు."

2022 మే 24 గొడవల తర్వాత ఇక్కడ కొన్నాళ్లు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. జిల్లా పేరు మార్పు మీద మొదలైన గొడవ, ఇళ్లు తగలబడేదాకా వెళ్లింది. గొడవకి జనాన్ని పోగుచేసింది వాట్సాపే అన్నారు కాబట్టి ఆపడానికి కారణం ఉంది. కానీ ఆపాక తెలిసింది, ఈ ఊరు ఎంతగా దాని మీద నడుస్తోందో. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకి వెళ్లి అవతలి ఒడ్డు సిగ్నల్ పట్టుకున్నారట. కొట్టు పక్కన టీ అమ్మే ఆవిడ ఆ రోజుల్లో అరువు పుస్తకం మళ్లీ తీసింది. "చాలామంది ఇచ్చేశారండి. ఇద్దరు ముగ్గురివి ఇంకా ఉన్నాయి" అని పుస్తకం చూపించింది.

మూడో రోజు: అంతర్వేది పల్లిపాలెం

స్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి వెళ్లాం. పల్లిపాలెం రేవులో పొద్దుటి బోట్లు వచ్చేశాయి. సందువలు, పండుగప్పలు, పీతలు బుట్టల్లో. వేలంపాట నడుస్తోంది. నిజానికి పాట అంటే పాటేం కాదు, ఒకే మనిషి నోటి నుంచి ధర వస్తోంది, మిగిలినవాళ్లు తలూపుతున్నారు.

నీడలో నలుగురు వల బాగుచేసుకుంటున్నారు. మా అమ్మాయి వాళ్ల పక్కన కూర్చుని కేరళ కథ చెప్పింది. తన శాస్త్రంలో చాలా పేరున్న కథ అది. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో అచ్చువేశాడు. 1997 జనవరి 14న, అంటే మనకి సంక్రాంతి రోజుల్లో, ఉత్తర కేరళలో వడకర రేవుకి వచ్చిన పదకొండు పడవలకి కొనేవాళ్లు దొరక్క చేపలు పారబోసుకున్నారు. అదే పొద్దున అక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపు రేవుల్లో చేపలు దొరక్క ఇరవై ఏడు మంది వ్యాపారులు ఖాళీగా తిరిగి వెళ్తున్నారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. ఆ ఏడాది నుంచి 2001 దాకా తీరం వెంట సెల్ టవర్లు వచ్చాయి. జాలర్లు సముద్రంలోంచే ఫోన్ చేసి ఏ రేవుకి వెళ్లాలో తేల్చుకోవడం మొదలుపెట్టారు. పారబోత ఆగిపోయింది. జాలరి లాభం 8 శాతం పెరిగింది, కొనేవాడికి ధర 4 శాతం తగ్గింది. ఇద్దరికీ మేలే.

అందరూ శ్రద్ధగా విన్నారు. అందులో పెద్దవాడు, నెరిసిన గడ్డం, వల ముడి పంటితో బిగించి అడిగాడు:

"ఆళ్లకి బోటెవరు కొనిపెట్టారమ్మా?"

మా అమ్మాయికి ముందు అర్థం కాలేదు.

"అదేనమ్మా. ఇంజనుకి, వలకి, డీజిలుకి మాకు షావుకారు ముందు ఇస్తాడు. సరుకు ఆయనకే వెయ్యాలి. ఓడలరేవులో ధరెక్కువుందని నాకు ఫోన్లో తెలుసు. కాకినాడలో ఇంకా ఎక్కువని కూడా తెలుసు. తెలిసి ఏం చెయ్యను? బోటు తిప్పితే రేపు డీజిలు లేదు." కాసేపాగి నవ్వాడు. "ఫోన్ లేనప్పుడు ఎంత పోయిందో తెలిసేది కాదు. ఇప్పుడు లెక్క తెలుస్తాది."

తర్వాత కారులో మా అమ్మాయి చెప్పింది, ఈ ప్రశ్న కొత్తదేం కాదట. జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అని ఇద్దరు పరిశోధకులు కేరళ రేవులకి మళ్లీ వెళ్లి 2013లో ఇలాంటి సంగతే రాశారట, చాలామంది జాలర్లు అప్పుల వల్ల ఒకే దళారీకి కట్టుబడి ఉన్నారని, ఫోన్ చేసి రేవు మార్చుకునే స్వేచ్ఛ అందరికీ లేదని. "చదివాను మావయ్యా. కానీ చదివినప్పుడు అది ఒక ఫుట్‌నోట్‌లా అనిపించింది" అంది. చాలాసేపు బయటికే చూస్తూ కూర్చుంది.

అలాగని అక్కడ ఫోనుకి విలువ లేదంటే నేనొప్పుకోను. ఆ వలల దగ్గరే 96 తుఫాను మాట వచ్చింది. నవంబరు 6 రాత్రి. ఇన్నేళ్లయినా మా వైపు నెల, తేదీ చెప్పక్కర్లేదు, తుఫాను అంటే అదే. వెయ్యి మందికి పైగా పోయారు, అందులో వేటకెళ్లినవాళ్లు ఎంతోమంది. నేను మర్నాటి నుంచి నెలరోజులు ఇంటికి వెళ్లలేదు. కొబ్బరిచెట్లు లైన్ల మీద పడి, స్తంభాలు అగ్గిపుల్లల్లా విరిగి ఉన్నాయి. ఒక ఎక్స్ఛేంజి దగ్గర ఆడవాళ్లు గుంపుగా నిలబడి, మా వాళ్ల పడవ ఏదైనా రేవుకి చేరిందేమో కనుక్కోండి అని అడిగేవారు. నా భుజాన టెస్ట్ ఫోన్ ఉండేది. దాన్ని ఏ తీగకి తగిలించినా అవతల ఎవరూ లేరు.

ఇప్పుడు తుఫాను పుట్టకముందే ఫోన్లకి హెచ్చరికలొస్తాయి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సంస్థ ఉంది, అలల ఎత్తు, గాలి, చేపలు ఎక్కువ దొరికే చోట్లు కూడా చెబుతుంది. వాతావరణం చెప్పింది నమ్ముతామని, చేపల చోటు చెబితే మాత్రం మా తాత చెప్పినట్టే పోతామని ఒక కుర్రాడు అన్నాడు. ఒడ్డు నుంచి పది పదిహేను కిలోమీటర్ల దాకా సిగ్నల్ అందుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ గీత లోపలికి రాగానే ఇంటికి ఫోన్ చేస్తారు. పెద్దాయన భార్య చెప్పింది: "ఇదివరకు రేవులో నిలబడి చూసేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటాం. అది మోగేదాకా అన్నం సయించదు, అప్పుడూ ఇప్పుడూ."

లైన్‌మేన్‌ని కాబట్టి ఒక్క మాట. పాత ల్యాండ్‌లైనుకి కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే వచ్చేవి, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. సెల్ టవరు డీజిలు అయిపోతే ఊరంతా ఒకేసారి మూగబోతుంది. తుఫాను హెచ్చరిక బానే అందుతుంది. వెళ్లిపోయాక "బతికే ఉన్నాం" అని చెప్పడానికే ఇబ్బంది.

నాలుగో రోజు: పంటు దాటి నరసాపురం, రాత్రికి చెరువు గట్టు

సఖినేటిపల్లి రేవులో పంటెక్కాం. బస్సులు లేవు గానీ కార్లు, మోటారుసైకిళ్లు, పశుగ్రాసం ఆటో, పెళ్లి బ్యాండువాళ్లు, అందరం ఒకే బల్లకట్టు మీద.

నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో లేసు అల్లుతారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. కొక్కెం సూది, దారం, ఓపిక, ఇవే పెట్టుబడి. డెబ్బైల చివర్లో ఇక్కడికి వచ్చిన జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ గమనించింది ఏమిటంటే, రోజుకి ఆరేడు గంటలు అల్లే ఆడవాళ్లని అందరూ, వాళ్లతో సహా, ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లు అనే అంటారు. ఎగుమతి లాభం మగ వ్యాపారులది. 2024లో ఈ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మేం కూర్చున్న అరుగు మీద ఆరుగురు అల్లుతున్నారు. ఫోన్ వల్ల ఏం మారింది? డిజైన్ ఇప్పుడు వాట్సాప్‌లో వస్తుంది. ఫోటో పెద్దది చేసి కుట్లు లెక్కపెట్టుకుంటారు. యూట్యూబ్‌లో కొత్త పువ్వులు నేర్చుకున్న ఒక చిన్నమ్మాయి నేరుగా ఇన్‌స్టాలో అమ్మింది, మూడు దుప్పట్లు. నాలుగోది అడిగినావిడ డబ్బు వెయ్యలేదు, సరుకు వెళ్లిపోయింది. అప్పటినుంచి మళ్లీ ఏజెంటుకే ఇస్తోంది. "ఆయన తక్కువిస్తాడు గానీ ఇస్తాడండి."

ఆరుగురిలో సొంత ఫోన్ ఉన్నది ఇద్దరికి. మిగిలినవాళ్లకి భర్తదో కొడుకుదో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తామే వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్లు దేశంలో 54 శాతం అని వచ్చింది, మన రాష్ట్రం అంతకంటే వెనకే. ఆ లెక్క చెప్పగానే అరుగు మీద పెద్దావిడ, "నాకు ఫోనుందమ్మా, మా ఆయన జేబులో ఉంటుంది" అంది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక మా అమ్మాయి, మరి మీ పుట్టింటివాళ్లతో ఎలా మాట్లాడతారని అడిగింది. "స్పీకర్లో పెట్టి ఇస్తాడు." ఈసారి ఎవరూ నవ్వలేదు.

రాత్రికి భీమవరం దగ్గర మా బావగారి రొయ్యల చెరువు. ఆయన నాలుగెకరాలు వెనామీ రకం రొయ్య వేశారు. గట్టు మీద గది, గదిలో మంచం, మంచం మీద మేం. రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. బావగారు ఎత్తకుండానే లేచి పరిగెత్తారు. చేసింది మనిషి కాదు, మోటారు స్టార్టరు. కరెంటు పోతే దాంట్లో ఉన్న సిమ్ము నుంచి ఫోన్ వస్తుంది. నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి పంట తేలిపోతుంది. జనరేటరు వేసొచ్చి, "ఇదొక్కటి చాలు బావా, ఈ ఫోనుకి దణ్ణం పెట్టొచ్చు" అన్నారు. ఇదివరకు రాత్రంతా ఒక మనిషి గట్టు మీద మేలుకుని ఉండాలి. మేలుకునే మనిషి కూలీ అయితే సిమ్ము అతని పని తీసుకుంది. నాకు ఎవరో తెలిసినవాడిలా అనిపించాడు.

పొద్దున్నే ఆయన మళ్లీ ఫోన్ తీస్తారు, కౌంటు ధర చూడటానికి. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. వంద కౌంటు ఇంత, యాభై ఇంత, ముప్ఫై ఇంత. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ వార్త, ఇక్కడి ధర పడిపోవడం ఒకేసారి ఫోన్లో వచ్చాయట. "ఢిల్లీ కంటే ముందు మాకే తెలిసి ఉంటుంది" అన్నారు.

"తెలిసి ఏం చేశారు బావా?"

"మేత డీలరు కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు. బాకీ సంగతేంటని అక్కడే అడిగాడు."

అయిదో రోజు: రైలు

భీమవరంలో నిడదవోలు మీదుగా రాజమండ్రి వెళ్లే రైలెక్కాం. మా అమ్మాయి సాయంత్రం అక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లాలి. తణుకు దాకా నిద్రపోయింది. కిటికీ అవతల దాళ్వా నాట్లు, నడుములు వంచిన ఆడవాళ్లు, గట్టు మీద ఒకరి చీరకొంగులో కట్టిన ఫోన్లోంచి పాట.

నా ఫోన్ ఒకసారి మోగింది. ఆత్రంగా ఎత్తాను. మీకు పర్సనల్ లోన్ మంజూరయింది అని రికార్డు గొంతు.

కొవ్వూరు దాటి గోదావరి వంతెన మీదికి వచ్చాం. ఎదురు సీట్లో ఒక ముసలమ్మ చీర చెంగు విప్పి వెతుక్కుంటోంది. పక్కనున్న కోడలు కూడా పర్సు తిరగేసింది. గోదారిలో వెయ్యడానికి రూపాయి బిళ్ల లేదు. కంపార్ట్‌మెంటులో ఎవరి దగ్గరా లేదు. కోడలు మొహమాటంగా నా వైపు తిరిగి, "బాబాయిగారూ, రూపాయి బిళ్లుంటే ఇస్తారా, ఫోన్‌పే చేస్తాను" అంది. జేబులో అయిదు రూపాయల బిళ్ల ఒకటి దొరికింది. నా నంబరు అడిగి నిజంగానే అయిదు రూపాయలు వేసింది. వద్దన్నా వినలేదు, మా డబ్బయితేనే పుణ్యం మాది అంది. ముసలమ్మ బిళ్ల కళ్లకద్దుకుని కిటికీలోంచి విసిరింది. ఊచకి తగిలి ఠంగుమని నీళ్లలోకి పోయింది.

అప్పుడే ఫోన్ ఇంకోసారి మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది.

"ఎవరు మావయ్యా? తిరిగి చెయ్యవా?"

"అక్కర్లేదమ్మా. వేలిముద్ర పడిందట."